మదాం కజాల్ వంటగది

"నాలుగు రోజులా? మరి నా భోజనం?" అన్నాడు ఎతియెన్.

నేను అప్పటికే ఫ్రీజర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని డబ్బాలకి కాగితాలు అంటిస్తున్నాను. గురువారం మధ్యాహ్నం, గురువారం రాత్రి, శుక్రవారం మధ్యాహ్నం. ఎన్ని నిమిషాలు వేడి చెయ్యాలో, మూత తియ్యాలో వద్దో కూడా రాశాను. ఎందుకంటే ఎతియెన్‌కి వంట రాదు. మా ఇంట్లో అది ఎవరూ కొత్తగా చెప్పుకునే విషయం కాదు. ఉత్తరాన ఉన్న మా డంకర్క్‌లో వాన పడుతుందన్నంత మామూలు సంగతి. "నేను గుడ్డు కొడితే గిన్నెలో సొన కంటే పెంకే ఎక్కువ పడుతుంది" అని అతనే నలుగురిలో నవ్వుతూ చెప్పుకునేవాడు. మా అత్తగారు ఓర్తాన్స్ బతికున్నన్నాళ్లూ ఆ మాటకి ఇంకో మాట తగిలించేది. "మా వాడి చేతులు క్రేన్ల కోసం పుట్టాయి, గరిటెల కోసం కాదు."

క్రేన్ల మాట నిజమే. అతను రేవులో క్రేన్ల మెకానిక్. ఏటా ఏప్రిల్‌లో మూడు వారాలు దక్షిణాన ఉన్న సెత్ రేవుకి పంపిస్తారు, అక్కడి క్రేన్లు విప్పి బాగుచేసి రావడానికి. పదకొండేళ్లుగా ఇదే వరస. కంపెనీ వాళ్లు మదాం కజాల్ అనే ఆవిడ ఇంట్లో గది చూపించారు. పెట్టె సర్దేది నేను. చొక్కాలు ఇస్త్రీ చేసి, రక్తపోటు మాత్రలు రోజువారీగా విడదీసి, పైన ఒక చిన్న కాగితం పెట్టేదాన్ని. తిరిగొచ్చాక ఎలా ఉంది ఊరు అని అడిగితే ఒకటే జవాబు. "ఏముంది, ఎండ, చేపల కంపు. పని, పడక."

అందుకే గిస్లేన్ తక్కువ ధరకి రైలు టికెట్లు దొరికాయని, ముగ్గురం సెత్ వెళ్దామని అన్నప్పుడు నాకు వింతగా అనిపించింది. గిస్లేన్ మా వీధిలో జుట్టు కత్తిరించే షాపు నడుపుతుంది. ఫతీహా వృద్ధాశ్రమంలో నర్సు. ఇరవై ఏళ్ల స్నేహంలో మేం ముగ్గురం కలిసి చేసిన అతి పెద్ద ప్రయాణం బెల్జియం సరిహద్దు దాటి బజారుకి వెళ్లి రావడం. నేను పనిచేసే కంటి డాక్టరు దగ్గర సెలవు అడిగితే ఆయన కంప్యూటర్ మీంచి కళ్లెత్తకుండానే "వెళ్లు, కానీ కాఫీ మిషన్ ఎలా వాడాలో కొత్త పిల్లకి నేర్పి వెళ్లు" అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ కాఫీ నా ఉద్యోగంలో ఏ కాగితం మీదా లేదు.

ఊరి పేరు విన్నప్పుడు ఎతియెన్ పేపరు మడిచాడు. "సెత్ ఎందుకు? బార్సిలోనా వెళ్లండి. రోము వెళ్లండి." మదాం కజాల్‌కి ఇద్దామని నేను కొన్న తీపి వాఫుల్స్ డబ్బా చూసి ఇంకోసారి మడిచాడు. "ఆవిడ దగ్గరికా? ఆవిడ మనుషుల్ని గుమ్మం తొక్కనివ్వదు. పైగా అక్టోబర్లో ఇల్లు మూసేస్తుంది." సరే అని డబ్బా బల్ల మీదే వదిలేశాను. ఫతీహా దాన్ని తీసి తన సంచిలో వేసుకుంది. "మూసుంటే మనమే తిందాం" అంది.

సెత్‌లో మొదటి రెండు రోజులు నేను ఎండని నమ్మలేదు. అక్టోబరు మధ్యలో చేతులు లేని గౌను వేసుకుని కాలవ గట్టు మీద కూర్చున్నాను. కారంగా వండిన ఆక్టోపస్ ముక్కలు కూరిన గుండ్రటి రొట్టె తిన్నాను, నూనె మోచేతుల దాకా కారింది. మధ్యాహ్నాలు చేపల పడవలు తిరిగొస్తుంటే వెనకాల సీగల్ పక్షులు గుంపులుగా అరుస్తూ వచ్చేవి, మేం ముగ్గురం లేచి నిలబడి చూసేవాళ్లం, ఎవరో చుట్టాలు దిగుతున్నట్టు. హోటల్లో భోజనం అయ్యాక నా చేతులు వాటంతట అవే పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాయి. గిస్లేన్ నా మణికట్టు మీద చెంచాతో కొట్టింది.

"ఒసేయ్, వదులు వాటిని. ఆ పిల్లకి దానికే జీతం ఇస్తున్నారు."

"ఊరికే కూర్చోలేను."

"నేర్చుకో. నేను నాలుగో విడాకుల లాయర్ దగ్గర నేర్చుకున్నా."

"నీకు ఒక్క పెళ్లేగా" అంది ఫతీహా.

"లాయర్లే నలుగురు."

మూడో రోజు పొద్దున పైపేట వైపు నడిచాం. పూర్వం ఇటలీ నుంచి వచ్చిన జాలర్లు కట్టుకున్న ఇళ్లు అవి. సందులు నిటారుగా ఉంటాయి, ఆరేసిన బట్టలు తల మీద తగులుతుంటాయి. ఒక సంవత్సరం ఎతియెన్ మాత్రలు మర్చిపోతే నేను పార్సిల్ పంపాను, ఆ వీధి పేరు నాకు గుర్తుంది. మలుపులో బోర్డు చూసి ఆగిపోయాను. ఇల్లు మూసి లేదు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, లోపల రేడియో మోగుతోంది.

"వచ్చాం కాబట్టి ఇచ్చేసి పోదాం" అంది ఫతీహా, సంచిలోంచి డబ్బా తీస్తూ.

తలుపు తీసిన ఆవిడకి ఎనభై ఏళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంది. నేను నా పేరు చెప్పి, ఎతియెన్ భార్యని అనగానే ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, జబ్బు మనిషిని నడిపించినట్టు, వంటగదిలోకి తీసుకెళ్లి కుర్చీ మీద దిండు వేసి మరీ కూర్చోబెట్టింది.

"ఇన్ని మెట్లు ఎక్కొచ్చావా తల్లీ? డాక్టరు ఏమీ అనలేదా?"

గిస్లేన్ ఫక్కున నవ్వింది. "ఈవిడకా? ఇది ఇంట్లో ఫ్రిజ్ ఒక్కతే జరుపుతుంది."

మదాం కజాల్ మొహంలో నవ్వు రావాలా వద్దా అన్న సందేహం. నేను అది ముసలితనం అనుకున్నాను. ఏళ్లుగా మనసులో అనుకుంటున్న మాటలు అప్పజెప్పేశాను. పదకొండేళ్లుగా మా ఆయన్ని మీరు చూసుకుంటున్నారు, ఒక్కసారీ కృతజ్ఞత చెప్పే అవకాశం రాలేదు, గుడ్డు కూడా ఉడికించుకోలేని మనిషి, మీకెంత శ్రమో నాకు తెలుసు, ఏమీ అనుకోకండి అన్నాను. క్షమాపణ అడుగుతున్న గొంతుతో అన్నాను. అతని తరఫున ఆ గొంతు నాకు బాగా అలవాటు.

ఆవిడ హాయిగా నవ్వేసింది. "ఎతియెన్ అన్నాడు, మా ఆవిడ హాస్యాలాడుతుందని. గుడ్డు ఉడికించలేడా? ఆదివారం ఈ ఇంట్లో ఎనిమిది మందికి వంట అతనిదే. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడు."

తలుపు వెనక మేకుకి తగిలించిన నీలం చారల ఏప్రన్ చూపించింది. "అది అతనిదే. ఇంకెవర్నీ కట్టుకోనివ్వను."

నాకు మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి, కానీ ఒక్కొక్కటీ కొంచెం ఆలస్యంగా చేరుతున్నాయి. ఆవిడ అల్మారాలోంచి అంచులు నూనె పట్టిన నోటు పుస్తకం తీసి నా ముందు తెరిచింది. అందులో ఎతియెన్ చేతిరాత. నిలువుగా, ఒత్తిపెట్టి, మెకానిక్కులు కొలతలు రాసుకునే రాత. లీక్ ఉల్లికాడలు పరిచి కాల్చే టార్ట్. కాడలు సన్నని సెగ మీద నలభై నిమిషాలు మగ్గాలి, మూత పెట్టి, తడి అంతా ఇగిరేదాకా. పిండి మీద ముందు ఒక చెంచా ఆవ ముద్ద పూయాలి, పల్చగా, వేలితో. ఆ ఆవ ముద్ద నాది. మా పెళ్లైన రెండో ఏడు జున్ను నిండుకుంటే దిక్కుతోచక పూసి చూశాను, కుదిరింది, అప్పట్నించీ అలాగే చేస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "వేలితో" అని రాశాడు. నేను వేలితోనే పూస్తానని అతనికి తెలుసు. నేను ఉల్లికాడలు మగ్గబెడుతున్నప్పుడు అతను కొన్నిసార్లు వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. అది నా పక్కన ఉండటం అనుకునేదాన్ని, నాకు సంతోషంగానే ఉండేది.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నాడో" అంది ఫతీహా మెల్లగా. నర్సు కదా, ఏదో విరిగిందని ఆమెకి ముందే తెలిసింది.

"ఎక్కడేంటి, అవసరం నేర్పింది" అంది మదాం కజాల్, నా వైపు చూసి కాఫీ పోస్తూ. "పాపం, ఈమె మంచం మీదుంటే ఇల్లంతా అతనే కదా. అయిదున్నరకి లేవడం, కాఫీ కలిపి మంచం దగ్గరికి తెచ్చివ్వడం, బట్టలు, ఇస్త్రీ, ఆ తర్వాత రేవులో పని. దానికి తోడు తల్లి ఒకత్తి. ఆఖరి రెండేళ్లు ఆవిడకి స్నానం కూడా తనే చేయించేవాడట. మా చెల్లెలు పక్కమీద పడ్డప్పుడు ఎతియెనే వచ్చి చూపించాడు మాకు, వీపు పుండ్లు పడకుండా ఎలా తిప్పాలో. చెయ్యి భుజం కింద కాదు, తుంటి కింద పెట్టాలని. మోకాళ్ల మధ్య చిన్న దిండు పెట్టాలని. అంత ఓపికగా చూపించాడు, మా చెల్లెలు ఏడ్చింది."

మా అత్తగారికి నేను స్నానం చేయించాను. రెండేళ్లు. అయిదున్నరకి లేచింది నేను. మోకాళ్ల మధ్య చిన్న దిండు నేను కుట్టాను, మా అమ్మాయి చిన్నప్పటి గౌను గుడ్డతో. ఆ రెండేళ్లలో ఓర్తాన్స్ ఒక్కసారి కూడా నా పేరు పెట్టి పిలవలేదు. "నా కొడుకు సంపాదిస్తుంటే నీ చేతులు సుఖపడుతున్నాయి" అనేది, చన్నీళ్లలో గుడ్డ పిండుతున్న నా చేతులు చూసి. ఎతియెన్ అప్పుడు తలుపు దగ్గర నిలబడి "ఈ వాసన నాకు పడదు" అని వెళ్లిపోయేవాడు. వెళ్లిపోయేవాడనుకున్నాను. తుంటి కింద చెయ్యి పెట్టడం చూసేదాకా ఉన్నాడన్నమాట.

ఇరవై ఏడేళ్లుగా నన్ను నేను ఒక మాటతో ఊరడించుకున్నాను. అతనికి కనపడదు అని. మగవాళ్లకి ఇంటి పని కంటికి ఆనదు, చెడ్డతనం కాదు, పెంపకం అలాంటిది అని గిస్లేన్‌తో వాదించాను, మా అమ్మాయి సోలెన్‌తో వాదించాను. ఇప్పుడు ఆ నోటు పుస్తకం ముందు కూర్చుంటే తెలుస్తోంది. అతనికి అంతా కనపడింది. సెగ ఎంత ఉండాలో, దిండు ఎక్కడ పెట్టాలో, ఎన్నింటికి లేవాలో. నా జీవితాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. చూసి, మడిచి, పెట్టెలో చొక్కాల కింద పెట్టుకుని, ఇక్కడికి తెచ్చి తనదని చెప్పుకున్నాడు.

"నేనెప్పుడూ జబ్బు పడలేదు మదాం" అన్నాను. చాలా చిన్న గొంతుతో వచ్చింది. ఆవిడకి వినపడలేదు, లేదా వినదలుచుకోలేదు. ఎడం మణికట్టు నా ముందు పెట్టి తిప్పింది.

"దీన్నడుగు అతని సంగతి. మా మనవరాలు పుట్టిన ఏడాది, ఆరేళ్లయింది, మెట్ల మీద జారిపడి దీన్ని విరగ్గొట్టుకున్నాను. అతను వచ్చిన మర్నాడే. మూడు వారాలు నన్ను వేలు కదపనివ్వలేదు. పని నుంచి వచ్చి సూపు కాచి మంచం దగ్గరికి తెచ్చేవాడు. నా జుట్టు దువ్వాడమ్మా. సొంత కొడుకు చెయ్యడు. వెళ్లే రోజు దుప్పట్లు ఉతికి, మడతపెట్టి, వారానికి సరిపడా వండి వెళ్లాడు."

ఆరేళ్ల కిందట, ఏప్రిల్.

ఆ ఏడు మే నెల ఆరో తారీకున నాకు గర్భసంచి తీసేశారు. సోలెన్ లియోన్‌లో పరీక్షలు రాస్తోంది, రావద్దన్నాను. నాలుగో రోజు ఎతియెన్ కారులో ఇంటికి తీసుకొచ్చాడు. గుంతల మీద నెమ్మదిగా నడిపాడు, అది చాలా రోజులు తల్చుకుని మురిసిపోయాను. ఇంట్లో సింకు నిండా గిన్నెలున్నాయి, అడుగున నీళ్లు ఆకుపచ్చగా మారాయి. సోఫాలో కూర్చుని పొట్ట పట్టుకున్నాను. అతను గుమ్మంలో నిలబడి, ఎంతో అమాయకంగా, చేతులు వేలాడేసి అడిగాడు, "రెజీన్, సూపు గిన్నె మనం ఎక్కడ పెడతాం?" నేను లేచాను. కుట్లు సలుపుతుంటే లేచి గిన్నె తీశాను, అది మురికిగా ఉంటే కడిగాను, అది కడుగుతూ మిగతావీ కడిగేశాను. మా అత్తగారు ఆ సాయంత్రం వచ్చి "వాడు నాలుగు రోజుల్లో ఎలా చిక్కిపోయాడో చూడు" అంది. రాత్రి పక్క మీద అతను నా చెయ్యి పట్టుకుని, "నాకేమీ చేతకాదు, నువ్వు లేకపోతే నేనేమైపోతానో" అన్నాడు. ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రేమ మాట అనుకున్నాను దాన్ని.

అంతకు రెండు వారాల ముందే ఆ చేతులు ఇంకొకావిడ జుట్టు దువ్వాయి.

నేను ఏమైనా అన్నానేమో నాకు గుర్తులేదు. ఫతీహా తర్వాత చెప్పింది, "నాకు ఆ మేలో ఆపరేషనైంది, గిన్నెలు నేనే కడిగాను" అని మామూలుగా, కంటి డాక్టరు దగ్గర ఎవరికో అపాయింట్‌మెంట్ చెబుతున్నట్టు అన్నానట. మదాం కజాల్ కాఫీ కప్పు కింద పెట్టింది. బల్ల మీదుగా వంగి నా రెండు చేతులూ పట్టుకుని వెలుగులోకి తిప్పింది. బ్లీచింగ్‌కి పగిలిన వేళ్లు, ఇస్త్రీ పెట్టె కాల్చిన పాత మచ్చ, కురచగా కత్తిరించిన గోళ్లు. చాలాసేపు చూసింది.

"ఇవి మంచం మీద పడుకున్న మనిషి చేతులు కావు" అంది.

ఆవిడ మొహం నా కళ్ల ముందే వాడిపోయింది. ఆవిడకీ ఏదో పోయింది. పదకొండు వసంతాల మంచివాడు పోయాడు. నాకు ఆవిడ మీద జాలేసింది, అలవాటు కొద్దీ ఓదారుద్దామని కూడా నోరు తెరిచాను. ఫతీహా నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

కిందికి దిగి రేవు గట్టు మీద కూర్చున్నాం. ఎండ అలాగే ఉంది. దూరంగా క్రేన్లు కదలకుండా నిలబడి ఉన్నాయి, అతను ఏటా విప్పి బిగించేవి.

"ఆడదాన్ని పెట్టుకున్నాడంటే నాకు అర్థమయ్యేది" అంది గిస్లేన్. "దానికి తిట్లున్నాయి, లాయర్లున్నారు. దీనికి ఏమని చెప్పి కేసు పెట్టాలే? మా ఆయన పొరుగూళ్లో గిన్నెలు కడుగుతున్నాడనా?"

నేను నవ్వాను. నవ్వు ఆగలేదు, పక్కటెముకలు నొప్పెట్టేదాకా వచ్చింది, ఫతీహా నా వీపు రాస్తూ ఉంది. నాకు నిజంగా అదే అర్థం కావడం లేదు. మోసం చేసే మగవాడి గురించి నాకు తెలుసు, చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. చేతకాని మగవాడి గురించి తెలుసు, ఉన్నాడనుకున్నాను. చేతనై, దయ ఉండి, ఓపిక ఉండి, ఆ మూడూ నాకు ఒక్క పూట కూడా ఖర్చు పెట్టకుండా దాచుకున్న మనిషి పక్కన ఇరవై ఏడేళ్లు పడుకున్నానని ఎలా అనుకోవాలి? అతను చెడ్డవాడైతే బాగుండును. అతను చాలా మంచివాడు. ఆ మంచితనం ఎక్కడుందో ఈ పొద్దున్నే చూసొచ్చాను.

ఫోన్ మోగింది. ఎతియెన్.

"మా చెల్లెలు రేపు వచ్చి ఉంటానంటోంది. పక్క దుప్పట్లు ఎక్కడుంటాయి మనింట్లో?"

గిస్లేన్ చెయ్యి చాచింది, ఇటివ్వు నేను మాట్లాడతానని. నేను ఇవ్వలేదు.

"మదాం కజాల్ నిన్ను అడిగానని చెప్పమంది" అన్నాను.

అవతల ముందు టీవీ శబ్దం ఆగిపోయింది, తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు.

"మూసుందేమో అనుకున్నా" అన్నాడు.

"తెరిచే ఉంది."

"ఏం చెప్పింది?"

"నువ్వు చాలా మంచివాడివని చెప్పింది. జుట్టు చిక్కు పడకుండా దువ్వుతావట."

అతను ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. మాట కోసం వెతుక్కుంటున్నాడు. అతను ఇలా తడుముకుంటున్నప్పుడు మాట అందించేది నేనే. డాక్టర్ల దగ్గర, బ్యాంకులో, పెళ్లిళ్లలో. నా నోటి చివరిదాకా కూడా వచ్చింది ఒక మాట, పర్లేదులే అని. అందించలేదు. ఒక పడవ లంగరు ఎత్తింది, గొలుసు మొత్తం పైకి లేచింది.

"అక్కడ ఎవరూ నేను చెయ్యాలని చూడరు రెజీన్" అన్నాడు ఆఖరికి. గొంతు మారిపోయింది, నేను ఎప్పుడూ వినని గొంతు, బహుశా ఆ వంటగదికి తెలిసిన గొంతు. "చేస్తే సంతోషిస్తారు. నన్ను చూసి ముచ్చటపడతారు. ఇంట్లో అయితే ఒకసారి చేస్తే రోజూ చెయ్యాలి. అది కాదు... ఎలా చెప్పాలి. అక్కడ నాకు బాగుండేది."

అబద్ధం కాదు అది. మా కాపురంలో అతను నాకు చెప్పిన అన్ని మాటల్లోకీ నిజమైన మాట అదేనేమో. ఫతీహా, గిస్లేన్ నా మొహంలోకే చూస్తున్నారు. రేపు పొద్దున తొమ్మిదింటికి మా రైలు.

"నాకూ ఇక్కడ బాగుంది ఎతియెన్" అన్నాను. "వాళ్లిద్దరూ రేపు వస్తారు. నేను రావడం లేదు."